రికార్డులకు కాపుండే సంఘంలో ఎవరిని కూర్చోబెట్టాలి

గత నెల ఒక ఆదివారం నల్లగొండ రామగిరిలో మా సంఘం సర్వసభ్య సమావేశం జరిగింది. కార్యవర్గంలో మూడు స్థానాలు ఖాళీ అయ్యాయి. ఒకరు వయసు మీద పడి తప్పుకున్నారు, ఒకరు పిల్లల దగ్గరికి హైదరాబాదు వెళ్లిపోయారు, ఇంకొకరి పదవీకాలం ముగిసింది. ఆ మూడు కుర్చీల్లో ఎవరిని కూర్చోబెట్టాలన్న చర్చ ఉదయం పదిన్నరకు మొదలై, తెప్పించిన భోజనం చల్లారిపోయేదాకా సాగింది. బయటివాళ్లు చూస్తే, జీతం లేని పదవులకు ఇంత పట్టింపు ఎందుకని అనుకోవచ్చు. ఆ పట్టింపు ఎందుకు అవసరమో, మేము ఏ తీరున తేల్చుకున్నామో వివరంగా రాసి పెట్టడం నా బాధ్యత అనిపించింది.

మాది రికార్డులను సేకరించుకునే సంఘం కాదు. ప్రభుత్వం దగ్గర ఉన్న పాత రికార్డులకు తోడుగా నిలిచే సంఘం. రికార్డు గదులకు అట్టపెట్టెలు, బస్తాలు, అంటే కాగితాల కట్టలు, కట్టుకునే గుడ్డ, ఇనుప రాకులు కొనివ్వడం, చెదల మందు కొట్టించడం, అనుమతి దొరికిన చోట కట్టలకు పట్టికలు రాయడం, పాత పట్వారీల, అంటే ఊరి లెక్కలు రాసేవారి, ఇళ్లలో మిగిలిపోయిన దఫ్తరాలను (కాగితాల మూటలను) వారసులతో మాట్లాడి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు చేరేట్టు చూడటం మా పని. సంఘం పేరుమీద ఒక్క కాగితం కూడా ఉండకూడదన్నది మేము మొదటి రోజే పెట్టుకున్న నియమం. సభ్యుల ఎంపికలో మాకు వచ్చిన చిక్కులన్నీ ఈ నియమం దగ్గరే వచ్చాయి.

చట్టం మా నుంచి అడిగేది చాలా తక్కువ. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘం పెట్టవచ్చు. సర్వసభ్య సమావేశం జరిగిన 15 రోజుల్లోగా కార్యవర్గం జాబితాను జిల్లా రిజిస్ట్రారుకు అందజేయాలి. ఆ ఏడుగురికి చదువు ఎంత ఉండాలో, రికార్డులతో వారికి ఏ సంబంధం ఉండాలో, ఏ సంబంధం ఉండకూడదో చట్టం చెప్పదు. అంతకుముందు తెలంగాణ ప్రాంతంలో సంఘాలకు వర్తించిన చట్టం పేరులోనే 1350 ఫస్లీ అని, అంటే నిజాం కాలపు రెవెన్యూ సంవత్సరం లెక్కలో, ఉండేది. ఫస్లీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుందని చాలామంది చెబుతారు గాని, నిజాం రాజ్యంలో ఫస్లీ ఏడాది ఆజూర్ మాసంతో, అంటే అక్టోబరు మొదటి వారంలో, మొదలయ్యేది కాబట్టి నెల చూడకుండా లెక్క వేస్తే ఒక ఏడాది తేడా పడుతుంది. 1350 ఫస్లీ ఆజూర్‌లో రాసిన కాగితం 1940 నాటిది, అదే ఫస్లీ ఖుర్దాద్‌లో రాసిన కాగితం 1941 నాటిది. మా ఊళ్ల రికార్డులకు తోడుండే సంఘంలో కూర్చునేవారికి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలని నేను అనను. నేర్చుకోవాలన్న ఆసక్తి మాత్రం తప్పక ఉండాలి.

కేంద్రంలో 1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ఉంది. 1892కు ముందు పుట్టిన రికార్డును, పనికిరానంతగా చెడిపోతే తప్ప, నాశనం చేయకూడదని అందులో ఉంది. చట్టాన్ని మీరినవారికి అయిదేళ్ల దాకా జైలు శిక్ష కూడా ఉంది. అయితే ఆ చట్టం కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు, కేంద్రపాలిత ప్రాంతాలకు వర్తిస్తుందే తప్ప మన తహసీల్ కార్యాలయంలోని బస్తాకు నేరుగా వర్తించదు. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షను మాత్రం ప్రతి ప్రభుత్వ కార్యాలయం తన రికార్డులను పట్టిక వేసి, సూచికలతో సహా సక్రమంగా ఉంచాలని చెబుతోంది. ఆ మాట అమలు కావాలంటే బస్తా విప్పేవారు, చదివేవారు, రాసేవారు ఉండాలి. మా వంటి చిన్న సంఘాలకు అక్కడే పని ఉంది.

ఇక ఎంపిక సంగతి. మొదట వచ్చిన పేరు ఒక విశ్రాంత ఉన్నతాధికారిది. ఆయన పేరు లెటర్‌హెడ్ మీద ఉంటే ఏ కార్యాలయం తలుపైనా తెరుచుకుంటుందని ఇద్దరు వాదించారు. ఆయనతో ఫోనులో మాట్లాడితే, ఏడాదికి ఒకసారి సభకు మాత్రం రాగలనని మర్యాదగా, స్పష్టంగా చెప్పారు. ఆయన నిజాయితీకి కృతజ్ఞతలు చెప్పి, సలహాదారుగా ఉండమని కోరి అక్కడితో ఆ పేరు ముగించాం.

రెండో పేరు దగ్గర సభ రెండుగా చీలింది. ఆయన భూముల వ్యాపారంలో ఉన్నవారు. రెండు పెద్ద స్కానర్లు కొనిస్తానన్నారు, మూడేళ్లపాటు మా గది అద్దె తానే కడతానన్నారు. మా ఏడాది ఖర్చు ఎంతో తెలిసిన మనిషిగా చెబుతున్నాను, అది మాకు చాలా పెద్ద సాయం. నేనూ మరో ఇద్దరు సభ్యులూ సభకు వారం ముందు ఆయన్ను కలిసినప్పుడు చాయ్ తాగుతూ ఆయన అడిగిన ఒక్క మాట నన్ను ఆపేసింది. స్కాన్ చేసిన సేత్వార్ల నకళ్లు కార్యవర్గం వాళ్లకు ముందుగా చూసే వీలు ఉంటుంది కదా అని ఆయన అడిగారు. ఆయన దాచి అడగలేదు, తప్పు అనుకొని అడగలేదు. పెట్టుబడి పెట్టేవారు అడిగే మామూలు ప్రశ్నలాగానే అడిగారు.

ఈ ప్రాంతంలో పాత రెవెన్యూ కాగితం విలువ ఏమిటో తెలియనివారికి ఇందులో తప్పేముందని అనిపించవచ్చు. సేత్వార్ అంటే నిజాం కాలపు సర్వే సెటిల్మెంటులో ఊరి సర్వే నంబర్లన్నింటినీ, వాటి విస్తీర్ణం, తరీనా (మాగాణి) ఖుష్కీనా (మెట్ట) అన్న వివరం, శిస్తు, పట్టాదారు పేరుతో సహా ఎక్కించిన పుస్తకం. దాని తర్వాత 1954-55 నాటి ఖాస్రా పహాణీ, అంటే ఏ సర్వే నంబరు ఎవరి పట్టా, ఎవరి సాగు అన్నది ఎక్కించిన లెక్క. నేటికీ భూమి తగాదా వస్తే అందరూ పోయి చేరేది ఈ రెండింటి దగ్గరికే. చెరువు శిఖం (నీరు నిలిచే నేల) ఎంతవరకు, ఇనాం (బహుమానంగా ఇచ్చిన భూమి) ఎవరిది, పోరంబోకు (సర్కారు నేల) ఏది అన్న ప్రశ్నలకు జవాబు అక్కడ ఉంటుంది. ఏ సర్వే నంబరు ఎదుట ఏ పేరు ఉందో ఊళ్లో వారికంటే ఆరు నెలల ముందు ఒక వ్యాపారికి తెలిస్తే, ఆ ఆరు నెలల్లో ఆ ఊళ్లో ఎన్ని అగ్రిమెంట్లు రాసుకోవచ్చో నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో పెరిగిన ఎవరికైనా ఊహకు అందుతుంది. ఆయన దురుద్దేశంతో వచ్చారని నేను అనడం లేదు. అయితే ఒక మనిషి మంచితనం మీద ఆధారపడి ఆ తలుపు తెరిచి పెట్టే హక్కు మాకు లేదు, ఆ కాగితం మాది కాదు కాబట్టి.

సభలో నేను ఇదే చెప్పాను. ఎదురు వాదన కూడా బలమైనదే. స్కానర్లు లేక ఈ వానాకాలంలో ఇంకొన్ని కట్టలు నాని పోతే ఆ పాపం ఎవరిదని ఒక పెద్దమనిషి నన్ను నేరుగా అడిగారు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆయనకు నేను సంతృప్తికరమైన సమాధానం చెప్పలేకపోయాను. చివరకు ఓటు పెట్టాం, రెండు ఓట్ల తేడాతో ఆ పేరు వీగిపోయింది. విరాళం ఇవ్వదలచుకుంటే పదవితో సంబంధం లేకుండా రసీదు మీద తీసుకుంటామని ఆయనకు ఉత్తరం రాశాం. స్కానర్లు రాలేదు. ఆ నష్టం నష్టమే.

ఇంత కఠినంగా ఉండటానికి మా సంఘంలోనే జరిగిన ఒక పొరపాటు కారణం. కొన్నేళ్ల క్రితం ఒక పట్వారీ కుటుంబం వారు తమ ఇంటి అటక మీది దఫ్తరాన్ని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు అప్పగించడానికి మా మీద నమ్మకంతో మాకు ఇచ్చారు. 1984లో పార్ట్‌టైమ్ గ్రామాధికారుల పదవులు రద్దయిన నాటి నుంచి ఆ ఎర్రగుడ్డ మూట విప్పలేదని చెప్పారు. అప్పటి కార్యవర్గ సభ్యులు ఒకరు చదివి పట్టిక రాస్తానని ఇంటికి తీసుకుపోయారు. రెండు నెలలు గడిచాయి. అప్పగించే రోజున లెక్క చూస్తే ఒక చిట్టా పుస్తకం తక్కువ పడింది. అది దొరకలేదు. ఆ పట్వారీ మనవడు మా గదికి వచ్చి, "అండ్ల మా తాత చేతిరాత ఉండె సార్, నేను సూడనే లేదు" అన్నాడు. కోపంగా అనలేదు. తీసుకునేటప్పుడు పుటలు లెక్కపెట్టి రసీదు ఇవ్వని తప్పు మా అందరిదీ. అందులో నాదీ ఉంది. ఆ అబ్బాయి మాట గుర్తుకు వచ్చినప్పుడల్లా నాకు నిద్ర పట్టదు.

అప్పటి నుంచి మూలప్రతి ఏదీ సభ్యుల ఇంటికి వెళ్లకూడదని, తీసుకున్న చోటే పుటలు లెక్కించి ఇద్దరు సంతకాలు చేయాలని బైలాస్‌లో చేర్చాం. ఈసారి ఇంకొంత చేర్చాం. కార్యవర్గంలోకి రాదలచిన ప్రతి ఒక్కరూ తనకు గాని, ఒకే ఇంట్లో ఉండే వారికి గాని భూమి కేసులు ఉన్నాయా, భూముల కొనుగోలు అమ్మకాలు చేస్తారా, పాత పత్రాలు, నాణేలు, తాళపత్రాలు కొని అమ్మే అలవాటు ఉందా అన్నది కాగితం మీద రాసి సంతకం చేయాలి. కేసు ఉన్నంత మాత్రాన అనర్హులు కారు, మన జిల్లాల్లో భూమి కేసు లేని ఇల్లు వెతకాలంటే కష్టం; కాని ఆ గ్రామపు రికార్డు సంగతి వచ్చినప్పుడు వారు గదిలో నుంచి లేచి వెళ్లాలి, ఆ సంగతి మినిట్స్‌లో రాయాలి. వ్యాపారం ఉన్నవారు మాత్రం కార్యవర్గంలోకి రాకూడదు. రికార్డులోని ఏ వివరమూ కార్యవర్గ సభ్యులకు సామాన్యులకంటే ముందుగా అందకూడదు. పదవీకాలం మూడేళ్లు, వరుసగా రెండుసార్లకు మించి కాదు, బస్సు ఛార్జీ తప్ప మరేమీ చెల్లించం.

మొదటి కుర్చీకి ఏకగ్రీవంగా ఎన్నికైన వారు ఒక విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయులు. నల్లగొండలో మూడు తరాలవారు ఆయన్ను ఉర్దూ సార్ అనే పిలుస్తారు. పేరు వచ్చినప్పుడు కొందరికి అంతగా పరిచయం లేకపోవడంతో, ఒక రైతు దగ్గర ఉన్న సేత్వార్ పుట జిరాక్సును బల్ల మీద పెట్టి చదవమని కోరాం. ఆయన కండ్లద్దాలు తీసి, జేబులోంచి భూతద్దం తీసి, కాగితాన్ని కిటికీ వైపు తిప్పుకున్నారు. రాత షికస్తా, అంటే అక్షరాలు విరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయే గొలుసురాత; చుక్కలు సగం పెట్టరు, పెట్టినవి పక్క అక్షరం మీద పడతాయి. ఆయన వేలు కాగితానికి తాకకుండా గాలిలోనే వరుస వెంట కదిలింది. సర్వే నంబరు చెప్పారు, తలాబ్ శిఖం అని చెప్పారు, ఎకరాలు గుంటలు చెప్పారు. శిస్తు గడి దగ్గర ఆగి, ఇది అంకె కాదు, రఖమ్ అని వివరించారు. అరబ్బీ సంఖ్యల పేర్లను కుదించి గుర్తులుగా మార్చి లెక్కలు రాసే పద్ధతి అది. అంకెలు అనుకొని చదివితే అంతా తప్పు పోతుంది.

ఆ తర్వాతి వరుసలో పట్టాదారు పేరున్న చోట మూలప్రతిలోనే పురుగు తిన్న రంధ్రం ఉంది. జిరాక్సులో అది నల్లటి మచ్చగా పడింది. మచ్చకు ముందు రెండక్షరాలు, తర్వాత ఒక అక్షరం కనిపిస్తున్నాయి. ఆ ఊరి మనిషి ఒకరు సభలోనే ఉన్నారు, ఆ పేరు ఫలానాది అయి ఉంటుందని ఆయన అన్నారు. మేమందరం ఉర్దూ సార్ వైపు చూశాం. ఆయన భూతద్దం కింద పెట్టి, "ఇక్కడ పురుగు తిన్నది. నేను చెప్పను" అన్నారు. అందాజుగానైనా చెప్పండి సార్ అని ఒకరు బతిమాలారు. "అందాజ చెప్తే రేపు అదే పహాణీ అయితది బిడ్డా" అని ఆయన కాగితాన్ని వెనక్కి ఇచ్చేశారు. నా ఓటు అప్పుడే ఖాయమైంది. చదవగలిగినవారు ఈ ప్రాంతంలో ఇంకా కొందరు ఉన్నారు. చదవరాని చోట నోరు మూసుకోగలిగిన మనిషి కావాలి మాకు.

పారశీకం స్థానంలో ఉర్దూ నిజాం ప్రభుత్వ భాష అయింది పందొమ్మిదో శతాబ్దం చివర. అప్పటి నుంచి 1948 దాకా ఊరి లెక్కల మొదలు కొత్వాలీ రికార్డుల దాకా ఆ భాషలోనే నడిచింది. ఆ రాత చదివేవారిలో ఎక్కువమంది డెబ్బై దాటినవారు. కార్యవర్గంలో ఒక్కరైనా ఆ రాత తెలిసినవారు ఉండాలని నేను అయిదేళ్లుగా అడుగుతున్నాను.

రెండో కుర్చీకి వచ్చిన అమ్మది కొల్లాపూర్ వైపు, శ్రీశైలం ముంపులో పోయిన ఊరు. ముంపు కుటుంబాల పరిహారం అవార్డు నకళ్ల కోసం, 98వ నంబరు జీవో కింద ఉద్యోగం అడిగేవారి నిర్వాసిత ధ్రువపత్రాల కోసం ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిరిగిన మనిషి. తన పని అయిపోయిన తర్వాత కూడా ఇరుగుపొరుగు వారి కోసం తిరుగుతూనే ఉన్నారు. నల్లగొండ సంఘంలో పాలమూరు మనిషి ఎందుకని ఒకరు ప్రశ్నించారు. కృష్ణకు ఈ దరినే ఉన్న రెండు జిల్లాల మధ్య ఆ గీత గీయడం నాకు నచ్చలేదు. 1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది, 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు బిడ్డ, 1931లో ఆంధ్ర మహాసభ దేవరకొండలో జరిగితే అధ్యక్షత వహించిన బూర్గుల రామకృష్ణారావు కూడా పాలమూరు వారే. ఆ రోజుల్లో లేని సరిహద్దు ఇప్పుడు మనకెందుకు?

అయినా ఆమెను ఎన్నుకున్నది ప్రాంతం కోసం కాదు. మేమెవ్వరం ఆలోచించని ఒక సంగతి ఆమె చెప్పారు. పట్టికలు వేసేటప్పుడు మేము ఇప్పటి జిల్లా, ఇప్పటి మండలం, ఇప్పటి గ్రామం అనే వరుసలో వేస్తున్నాం. 2016లో మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట విడిపోయింది. నల్లగొండ నుంచి సూర్యాపేట, భువనగిరి పోయాయి. ఫైళ్లు ఒక గది నుంచి ఇంకో గదికి లారీల్లో మారాయి. 2020 సెప్టెంబరులో వీఆర్వో వ్యవస్థను రద్దు చేసినప్పుడు వారి దగ్గరి పుస్తకాలను ఒక్కరోజులో వెనక్కి తీసుకున్నారు. ఊరు అక్కడే ఉన్నవారికి ఇన్ని మార్పుల్లో వెతుక్కోవడమే కష్టం. ఊరే నీళ్ల కింద ఉన్నవారు ఏ మండలం కింద వెతకాలి? "మా ఊరు నీళ్లల్ల ఉన్నది సార్, మీ పట్టికల ఊరి పేరే లేకపోతే మేం యాడికి పోవాలె" అని ఆమె అడిగారు. ఆ రోజే తీర్మానం చేశాం. ఇక ముందు ప్రతి పట్టికలో రికార్డు పుట్టిన నాటి తాలూకా, గ్రామం పేరు మొదట రాయాలి, ఇప్పటి పేరు తర్వాత రాయాలి, ముంపు గ్రామాలకు విడిగా ఒక జాబితా ఉండాలి. ఇది చిన్న సంగతిగా కనిపిస్తుంది గాని, రాసిన పట్టికలన్నీ మళ్లీ తిరగరాయాల్సిన పని. ఆ పనికి ఆమే బాధ్యత తీసుకున్నారు.

మూడో కుర్చీకి లెక్కలు తెలిసిన ఒక యువకుడి పేరు వచ్చింది. మంచివాడే, అయితే లెక్కలకు ఏటా ఆడిటరు ఎలాగూ ఉన్నారు. ఆ స్థానాన్ని ఉర్దూ రాత నేర్చుకోవడానికి సిద్ధపడే, ముప్పై అయిదు ఏళ్లలోపు వారికోసం ఖాళీగా ఉంచుదామని నేను ప్రతిపాదించాను. ఖాళీగా వదిలేస్తే కోరానికి ఇబ్బంది రాదా అని కార్యదర్శి బైలాస్ తిరగేసి, రాదని తేల్చారు. రెండు కొత్త పేర్లతోనే జాబితా గడువులోగా రిజిస్ట్రారు కార్యాలయంలో అందజేశాం.

ఉర్దూ సార్ ఎన్నికైన మరుసటి వారమే శనివారం సాయంత్రాల్లో మా గదిలో పాఠం మొదలుపెట్టారు. మొదటి రోజు నలుగురు వచ్చారు, అందులో ఇద్దరు డిగ్రీ చదివే ఆడపిల్లలు. అలిఫ్, బే తో మొదలుపెడతారని అనుకున్నాం. ఆయన అదే సేత్వార్ పుటకు తలా ఒక జిరాక్సు తీయించి పంచి, పెన్నులన్నీ లోపల పెట్టించి, పెన్సిళ్లు ఇచ్చారు. ఎక్కడెక్కడ పురుగు తిన్నదో ముందు చుట్టూ గీత గీయమన్నారు. గంటసేపు వాళ్లు తలలు వంచుకుని అదే చేశారు. ఆయన ఒక్కొక్కరి కాగితం తీసుకుని భూతద్దంతో చూసి, ఒక పిల్ల వదిలేసిన చిన్న రంధ్రాన్ని చూపించి, చదవడం వచ్చే శనివారం అన్నారు.